బాలయోగి వారధి, బాలయోగి స్టేడియము

దిండి రేవున నిలిచి పడమటి దిక్కుగా చూచినచో వశిష్ఠ గోదావరిని దాటి చించినాడకు పోవు వంతెన కనిపించును. కొబ్బరికాయలు నింపుకొన్న లారీలు, పాలకొల్లు పోవు బస్సులు, మోటారు సైకిళ్లు దాని మీద ఎడతెగక పోవుచుండును. వంతెన రాకపూర్వము ఇక్కడ పడవయే దిక్కు. పురుడు వచ్చినను, పాము కరచినను, ఆవలి యొడ్డున పరీక్ష వ్రాయవలసి యున్నను, పడవ ఈవలికి వచ్చువరకు కాచుకొనవలసినదే. ఆ కాలమెరిగినవారికి ఈ వంతెనకు ఎంత సొమ్ము ఖర్చయినదని అడుగవలసిన అవసరమే తోచదు.

మొన్న నేను అక్కడికి పోయినప్పుడు రేవుకు కొంచెము ఎడముగా, కోతలైన చేనిలో పిల్లలు బంతి ఆడుచున్నారు. గోలుకు గుర్తుగా రెండు కొబ్బరిమట్టలు పాతినారు. గట్టు మీద ఒక పెద్దాయన కూర్చుండి వారిని అదలించుచు, అంతలో ఆట చూచి సంతోషించుచు ఉన్నారు. నేనును ప్రక్కన కూర్చుంటిని. మాట వరుసకు, "హైదరాబాదులో బాలయోగి గారి పేరిట పెద్ద స్టేడియము ఉన్నదండీ, మీరు చూచినారా?" అని అడిగితిని.

"ఆయ్, విన్నానండి. బాలయోగి గారంటే మావోరేనండి. మరి అందులో ఎవరాడతారండి?" అన్నారు.

వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

కోనసీమకు పడమటి వైపున దిండి ఉన్నట్లే తూర్పు వైపున గౌతమీ తీరమున ఎదుర్లంక ఉన్నది. గంటి మోహనచంద్ర బాలయోగి గారు 1951లో పుట్టినది ఆ ఊరిలోనే. అమలాపురము నుండి లోక్‌సభకు ఎన్నికై, 1998 మార్చిలో స్పీకరు పదవిని అలంకరించినారు. దళితులలో ఆ ఆసనమెక్కిన మొదటివారు ఆయనయే. 2002 మార్చి 3వ తేదీన భీమవరము నుండి తిరిగిపోవుచుండగా కైకలూరు సమీపమున హెలికాప్టరు కూలి మరణించినారు. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లు. ఆ సంవత్సరముననే యానాము-ఎదుర్లంకల నడుమ గౌతమిపై వంతెన తెరచి దానికి ఆయన పేరు పెట్టినారు. హైదరాబాదు గచ్చిబౌలిలో ఆనాడు క్రొత్తగా లేచిన స్టేడియమునకును ఆయన పేరే పెట్టినారు. రెండును ప్రజాధనముతో కట్టినవే. రెండును ఒకే మనిషి జ్ఞాపకమునకు అంకితమైనవే. కాని ఇరువది యేండ్లు గడచిన పిమ్మట వాటి జాతకములు ఒకటిగా లేవు. వంతెన మీద ఎవరు పోవుదురని ఎవ్వరును అడుగరు.

గచ్చిబౌలి స్టేడియము ఎందుకు లేచినదో ముందు చెప్పవలెను. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు హైదరాబాదులో జరుపుటకు ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పూనుకొన్నది. ఆ మరుసటి సంవత్సరము అక్టోబరులో ఆఫ్రో-ఆసియా క్రీడలు. ఈ రెండు ఉత్సవములను దృష్టియందుంచుకొని గచ్చిబౌలిలో ఈ స్టేడియమును, దాని చుట్టును ఇతర క్రీడాశాలలను, ఆటగాండ్రకు వసతి గృహములను, యూసుఫ్‌గూడలో మరియొక క్రీడామందిరమును కట్టించినారు. ఇంచుమించు ముప్పది వేలమంది కూర్చుండగల ప్రాంగణమది. నడుమ పచ్చిక, చుట్టును పరుగు పందెముల బాట. ముహూర్తము కుదిరిన ఇంటిలో పందిరి ఎట్లయినను లేచునుగదా! తేదీ నిర్ణయమై, అతిథులకు పిలుపులు వెళ్లిన తరువాత ఖజానా తలుపు తెరవక తప్పదు. స్టేడియముల నిర్మాణములో ఇది అన్ని దేశములందును కనిపించు రహస్యము. వాటికి ఒక తేదీ ఉండును.

తేదీ లేని పని గతి ఏమగునో చూడవలెనన్న కోనసీమవారు దూరము పోనక్కరలేదు. బాలయోగి గారు స్పీకరుగా ఉన్న కాలముననే, 2000-01 సంవత్సరమున, కోటిపల్లి నుండి అమలాపురము మీదుగా నరసాపురమునకు రైలు మార్గము మంజూరైనది. పొడవు సుమారు 57 కిలోమీటర్లు. కోనసీమకు రైలు రప్పించవలెనని ఆయన ఎంత పట్టుదలతో ఉండిరో ఈ ప్రాంతములో అందరెరిగినదే. కాకినాడ నుండి కోటిపల్లి వరకు 2004లో రైలు వచ్చినది. అక్కడ ఆగినది. గోదావరి పాయలలో వంతెనల స్తంభములు లేచినవిగాని, పాతికేండ్లు నిండినను కోనసీమ గడ్డ మీద రైలు కూత వినబడలేదు. ఆయన పేరున్న స్టేడియము రెండు మూడేండ్లలో పూర్తియైనది. ఆయన కోరిన రైలు ఇంకను నీటిలో నిలిచియున్నది. రైలు ఖర్చు కేంద్రముది, స్టేడియము ఖర్చు రాష్ట్రముది, రెంటిని పోల్చరాదని కొందరనవచ్చును. నిజమే. కాని ఖజానాలు వేరైనను పన్ను కట్టు చేయి ఒక్కటే.

పందిరి సంగతి సరే, పెండ్లి అయిన తరువాత ఏమి జరిగినది? ఆఫ్రో-ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు అంతిమ పోటీ వరకు వచ్చి ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడినది. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు ఈ నగరముననే జరిగినవి. ఆ పిమ్మట చాల కాలము ఆ ప్రాంగణమునకు ఇది తనదని చెప్పుకొను జట్టు లేకపోయినది. 2019లో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడినది. పూనేలో మూతపడిన క్లబ్బు స్థానమును ఇది తీసికొని, బాలయోగి స్టేడియమును తన నెలవుగా చేసికొన్నది. మొదటి సంవత్సరము పట్టికలో అట్టడుగున నిలిచినది. అంతలో కోవిడ్ వచ్చినది. తరువాతి రెండు సంవత్సరముల పోటీలను గోవాలోనే జరిపినారు. 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డా మైదానమున కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు జట్టు కప్పు గెలుచుకొన్నది. జట్టునకు ఒక గొప్ప దినము వచ్చినదిగాని అది మన స్టేడియములో రాలేదు. ప్రభుత్వము కట్టించిన ముప్పది వేల ఆసనములు ఆనాడు ఖాళీగా ఉన్నవి.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పినచో చాలును. 2023 నాటికి ఆటగాండ్ర జీతముల బకాయిలతో క్లబ్బు చిక్కులలో పడినది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘము క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఆంక్ష పెట్టినది. పేరున్న ఆటగాండ్రు ఒక్కొక్కరే వెడలిపోయినారు. 2024లో యాజమాన్యము చేతులు మారినది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు కూడ మార్చుకొన్నది. ఆరేండ్లలో వచ్చినది, గెలిచినది, పోయినది. స్టేడియము పోలేదు. దానికి చక్రములు లేవు.

క్లబ్బు యజమానులను తిట్టుట నా ఉద్దేశము కాదు. నష్టమొచ్చు వ్యాపారమును ఎవరైనను వదలుకొందురు. మన దేశములో ఫుట్‌బాల్ క్లబ్బు నడుపుట ఇంచుమించు దానధర్మము వంటిదే. నేను చెప్పునది వేరు. జట్టు చరాస్తి, స్టేడియము స్థిరాస్తి. చరాస్తి ప్రయివేటువారిది, స్థిరాస్తి ప్రజలది. ఈ రెంటిని ముడివేయునపుడు ముడి ఎవరి చేతిలో ఉన్నదో చూచుకొనకపోయినచో, సొమ్మొకడిది సోకొకడిది అన్నట్లగును.

ధనిక దేశములలో కూడ ఈ పాఠము గట్టిగానే నేర్చినారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరము తన జట్టు కొరకు 1995లో పైకప్పుతో కూడిన పెద్ద స్టేడియమును ప్రజాధనముతో కట్టించినది. వారి ఫుట్‌బాల్ మనది కాదు, బంతిని చేత బట్టుకొని పరుగెత్తు ఆట. అయినను లెక్క ఒకటే. రాష్ట్రము, జిల్లా, నగరము మూడును కలిసి సంవత్సరమునకు 2 కోట్ల 40 లక్షల డాలర్ల వంతున ముప్పదియేండ్లు చెల్లించుటకు ఒప్పుకొన్నవి. 2016లో జట్టు లాస్ ఏంజెలిస్ పోయినది. అప్పు మాత్రము ఊరిలోనే మిగిలినది. నగరము వ్యాజ్యము వేయగా 2021లో 79 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. కెనడాలో మాంట్రియల్ నగరమువారు 1976 ఒలింపిక్ క్రీడలకు కట్టిన స్టేడియము బాకీ 2006 వరకు తీరలేదు. ఆ బాకీలో పెద్ద భాగమును పొగాకు మీద పన్ను వేసి రాబట్టినారు. ఆనాడు పరుగు పందెము చూచిన బాలుడు నడివయసు దాటువరకు ఆ సిగరెట్టు పన్ను కాలుచునే ఉన్నదన్నమాట.

స్టేడియము వచ్చినచో వ్యాపారము పెరుగును, ఉద్యోగములు వచ్చును అని చెప్పుట పరిపాటి. ఆర్థిక శాస్త్రజ్ఞులు చాలమంది దీనిని ఒప్పుకొనరు. శనివారము సాయంకాలము టికెట్టుకు పెట్టిన రూపాయి లేనిపోని రూపాయి కాదు. సినిమాకో హోటలుకో పోవలసినది ఇటు తిరిగినది, అంతే. అందుచేత స్టేడియమును లాభసాటి పెట్టుబడి అని పేరు పెట్టి ప్రజలకు అమ్మరాదు. పాఠశాల వలె, గ్రంథాలయము వలె అదియును ఒక సౌకర్యమని, ఖర్చు ఖర్చేనని ఒప్పుకొని కట్టించుట మేలు. గ్రంథాలయమును లాభనష్టముల లెక్కతో ఎవరు కట్టింతురు? కాని గ్రంథాలయమునకు తలుపు తెరచు వేళలు ఉండును.

ఈ మాట వ్రాయునపుడు నాకు సయ్యద్ అబ్దుల్ రహీం గారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. బడి పంతులుగా జీవితమారంభించి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవారు ఆయన. 1950 నుండి 1954 వరకు ఆ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును తెచ్చినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమున నిలిచినది, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచినది. సికిందరాబాదు ప్రక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోను ఆడినాడు. ఆనాడు వారికి గచ్చిబౌలి లేదు. పోలీసు మైదానములు, మట్టి నేలలు, తెల్లవారుజామున ఎదురుచూచు ఒక పంతులుగారు, ఇవి ఉన్నవి. స్టేడియము ఆటగాండ్రను పుట్టించదు. పుట్టినవారికి చోటు చూపును. ఈ వరుస తలక్రిందులైనందుననే మనకు ఆసనములు ఎక్కువై ఆటగాండ్రు తక్కువైనారని నా నమ్మకము.

అట్లని గచ్చిబౌలి ఖర్చు అంతయు గంగపాలైనదనుట అన్యాయము. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు అక్కడి ఆటగాండ్ర వసతి భవనమునే తెలంగాణ ప్రభుత్వము కొద్ది రోజులలో 1500 పడకల ఆసుపత్రిగా మార్చినది. కట్టినవారెవ్వరును ఈ ఉపయోగమును ఊహించియుండరు. 2024 సెప్టెంబరులో భారత, సిరియా, మారిషస్ జట్ల పోటీలు బాలయోగి స్టేడియముననే జరిగినవి. ఆ సంవత్సరము చివరి దినమున సంతోష్ ట్రోఫీ అంతిమ పోటీలో బెంగాల్ జట్టు కేరళను చిట్టచివరి క్షణములలో వేసిన గోలుతో ఓడించినదియు అచ్చటనే. స్థలము ప్రజల చేతిలో ఉన్నందుననే ఇవి సాధ్యమైనవి.

స్థలము మాట వచ్చినది గనుక ఒక సంగతి. 2003లో క్రీడాభివృద్ధి పేరిట గచ్చిబౌలి వద్ద 400 ఎకరములు, మామిడిపల్లి వద్ద 450 ఎకరములు ఐఎంజీ భారత అను సంస్థకు ఇచ్చుటకు ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నది. 2006లో ఆ తరువాతి ప్రభుత్వము దానిని రద్దు చేసినది. రద్దు సరియైనదేనని హైకోర్టు తీర్పు వచ్చుటకు 2024 మార్చి పట్టినది. మరుసటి సంవత్సరము కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించినది ఈ 400 ఎకరముల విషయములోనే. ఆట పేరు చెప్పినచో భూమి ఎంత సులభముగా కదలునో, తిరిగి రాబట్టుటకు ఎన్ని యేండ్లు పట్టునో ఇంతకన్న చెప్పనక్కరలేదు.

రేపు విజయవాడలోనో, విశాఖపట్టణములోనో ఒక క్లబ్బు వచ్చి స్టేడియము కట్టించి ఇమ్మని అడుగవచ్చును. వలదనవలసిన పనిలేదు. ఎన్ని సంవత్సరములు ఇక్కడ ఆడుదురో కాగితము మీద వ్రాయించుకొనవలెను. నడుమ వెడలినచో ఏమి చెల్లింతురో అదియును వ్రాయించుకొనవలెను. జట్టు ఆడని దినములలో తాళపుచెవి ఎవరి దగ్గర ఉండును? జిల్లా నుండి వచ్చిన బడి పిల్లల జట్టు ఆ పచ్చిక మీద కాలు పెట్టవచ్చునా? ఈ ప్రశ్నలు శంకుస్థాపన నాడు అడిగినచో అపశకునమందురు. తరువాత అడిగినచో వినువారుండరు. హైదరాబాదులోనే శ్రీనిధి డెక్కన్ అను మరొక క్లబ్బు 2021లో ఐ-లీగులో ప్రవేశించి, తాను కట్టుకొన్న మైదానముననే ఆడినది. చిన్న మైదానమే. కాని దాని అప్పు ఎవరిదో అడుగవలసిన పని లేదు.

ఇదంతయు ఆ పెద్దాయనకు చెప్పలేదు. క్లుప్తముగా, "ఒక క్లబ్బు ఆడేదండి, ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడు అప్పుడప్పుడు పోటీలు జరుగుతాయి" అంటిని.

"ఖాళీయేనన్నమాట. పోనీలెండి, చోటుంది గదా" అని, ఆయన చేనిలోని పిల్లలను చూపి, "ఈళ్లకి దాళ్వా ఊడుపులొస్తే ఇదీ ఉండదండి" అన్నారు.

అప్పటికే బంతి పంట కాలువలో పడినది. ఒక కుర్రవాడు మోకాలిలోతు నీటిలో దిగి దానిని వెదకుచున్నాడు. రాజోలు బస్సు వేళయైనదని నేను లేచితిని.