యూనిఫాం విప్పాక కోర్టు మార్షలా?

1953లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉక్కు కర్మాగారంలో పనిచేసుకుంటున్న రాబర్ట్ టోత్‌ను సైనికాధికారులు అరెస్టు చేసి విమానంలో కొరియాకు తరలించారు. వైమానిక దళం నుంచి అతను గౌరవంగా విడుదలై అప్పటికి ఐదు నెలలే. కొరియాలో పనిచేస్తుండగా ఒక పౌరుడి హత్యలో పాలుపంచుకున్నాడన్నది ఆరోపణ. సైన్యంతో బంధం తెగినవాణ్ని కోర్టు మార్షల్ చేయడం చెల్లదని 1955లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో తేల్చేసింది.

మన సైనిక చట్టం, 1950 దారి వేరు. సర్వీసులో చేసిన నేరానికి మాజీ సైనికుణ్ని కూడా సైనిక కస్టడీలోకి తీసుకుని విచారించవచ్చని 123వ సెక్షన్ చెబుతుంది. విడుదలైన మూడేళ్లలోపు విచారణ మొదలు కావాలి. 1992 సవరణకు ముందు ఆ గడువు ఆరు నెలలే. పరారీలో తిరిగిన కాలం ఇందులో లెక్కకు రాదు. తిరుగుబాటు, సైన్యం నుంచి పారిపోవడం, మోసంతో చేరడం లాంటి నేరాలకైతే గడువే లేదు. ఈ అధికారం లేకపోతే రిటైర్మెంటే తప్పించుకునే దారి అవుతుందన్న వాదనలో బలముంది. రేషన్ స్టోర్ లెక్కల్లో తేడా ఆడిట్‌లో బయటపడేసరికి బాధ్యుడు పెన్షన్ తీసుకుంటూ ఇంటిపట్టున ఉండొచ్చు. కానీ దొంగతనాన్ని విచారించడానికి మామూలు క్రిమినల్ కోర్టులు లేవా? 123వ సెక్షన్ వాటి అధికారాన్ని తాకదు కూడా. సాక్షులంతా సైనికులే అంటారా, సమన్లిస్తే వాళ్లూ రావలసినవాళ్లే. ఆజ్ఞా ధిక్కారం లాంటి, సైనిక చట్టానికే తెలిసిన నేరాల వరకు కోర్టు మార్షల్‌కు అధికారం మిగలడం సబబు; మిగతావి మామూలు కోర్టుకు వదలాలి. సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో అప్పీలు ఉందిగా అనొచ్చు, అది ప్రధానంగా తీర్పు వచ్చాక మాట.