క్రొత్త ఉద్యోగమును గౌరవముగా విడుచుట

ఉద్యోగములో ఎట్లు చేరవలెనో మన పాఠశాలలలో నేర్పుదుము. దరఖాస్తు వ్రాయు రీతి, పెద్దల యెదుట నిలుచు తీరు, అడిగినదానికి సూటిగా బదులు చెప్పు విధము మన బాలికలకు తెలియును. కాని చేరిన ఉద్యోగమును విడువవలసి వచ్చినప్పుడు ఎట్లు విడువవలెనో ఎవరును నేర్పరు. ఇచ్చట చదివి నర్సు పనికి పోవువారు ఏటేట గలరు గనుక, వారి కొఱకును వారి తలిదండ్రుల కొఱకును ఈ సంగతి వివరింపదలచితిని.

రెండేండ్ల క్రిందట మన పూర్వవిద్యార్థిని యొకతె సెలవునాడు మా యింటికి వచ్చెను. ఆమె నర్సింగు చదువు ముగించి, ఒక పట్టణములోని ఆసుపత్రిలో చేరి అప్పటికి ఆరు వారములే యైనది. మూడు నెలలు పెద్ద నర్సు ప్రక్కన నుండి పని నేర్చుకొనవలెనని చెప్పి చేర్చుకొనిరట. రెండవ వారమునుండియే తీవ్రచికిత్సా విభాగములో రెండు పడకలు ఆమెకే యప్పగించిరి. “టీచరుగారూ, రేపు రాత్రి డ్యూటీకి పోను. ఫోను ఆపివేసి మా ఊరు వెళ్లిపోయెదను” అని కంట తడి పెట్టెను.

“అమ్మా, నీవు పోకున్న ఆ రెండు పడకలను ఎవరు చూతురు?” అంటిని. ఆమె కొంతసే పూరకుండి, “పగలంతయు చేసిన అక్కయే నిలువవలెను” అనెను. నేను చెప్పదలచినదంతయు ఈ మాటలోనే యున్నది. ఉద్యోగమును విడుచుట తప్పు కాదు. రోగిని ఒకరి కప్పగింపక విడుచుట తప్పు.

శిక్షణకాల మేర్పడినది ఇరుపక్షముల పరీక్షకొఱకే. ఆసుపత్రివారు నర్సును చూతురు. నర్సు ఆసుపత్రిని చూచును. కుదరనిచో విడిపోవుట సిగ్గుపడవలసిన పని గాదు. అయినను ముందుగా కారణమును విచారించుకొనవలెను. తొలినెలలలో భయమును, నిద్రలేమియు, తనకేమియు రాదను దిగులును చాలమందికి కలుగును. అనుభవముతో అవి తగ్గును. అట్టివారు వార్డు మార్పునో, మరికొన్ని దినములు పెద్ద నర్సు తోడునో అడిగి చూడవలెను. నేర్పని పనిని ఒంటరిగా చేయుమనుట మాత్రము వేరు సంగతి. అది రోగి ప్రాణమునకు ముప్పు. దానిని పై యధికారికి వ్రాతమూలముగా తెలుపవలెను.

విడుచుటకే నిశ్చయించినచో నియామకపు ఉత్తరమును తిరిగి చదువవలెను. ఎన్ని దినముల నోటీసు ఈయవలెనో, బాండు ఉన్నదో లేదో అందుండును. బాండులో పెద్ద మొత్తము వ్రాసినంతమాత్రమున అదంతయు చెల్లింపవలసినదే యని బెదరనక్కరలేదు. 1872 సంవత్సరపు భారత ఒప్పందముల చట్టములోని 74వ సెక్షను ప్రకారము న్యాయస్థానము సమంజసమైన పరిహారమునే యిప్పించును. వ్రాసిన మొత్తము దానికి పైహద్దు మాత్రమే. కాని చేవ్రాలు చేసిన మాటకు విలువ లేదని తలంపరాదు. నిజముగా శిక్షణకైన వ్యయమును అడిగినచో మర్యాదగా మాటలాడి తేల్చుకొనవలెను. చేరునప్పుడు అసలు సర్టిఫికెట్లను వారి చేతికి విడువక నకళ్లు మాత్రమే యిచ్చుట మేలు.

తరువాత నర్సింగు సూపరింటెండెంటును స్వయముగా కలిసి చెప్పి, రాజీనామా పత్రము నీయవలెను. చేరిన తేది, పనిచేయు కడపటి దినము, నేర్పినవారికి కృతజ్ఞతగా ఒక వాక్యము, ఇంతియే చాలును. కోపము ఆ పత్రములో వ్రాయరాదు. అది మన పేరుతో ఏండ్ల తరబడి వారి దస్త్రములో నుండును. అందినట్లు చేవ్రాలుతో ఒక ప్రతిని దాచుకొనవలెను.

నోటీసు దినములలో పని సడలింపరాదు. ప్రతి డ్యూటీ చివరను రోగి పేరు, వ్యాధి, ఇచ్చిన మందులు, ఈయవలసిన మందులు, పడని మందులు, రావలసిన పరీక్షాఫలితములు, ఇవన్నియు పడకయొద్దనే నిలిచి తరువాతి నర్సుకు చెప్పవలెను. కడపటి దినమున తాళపుచెవులు, గుర్తింపు కార్డు అప్పగించి, పనినుండి విడుదల చేసిన పత్రమును, అనుభవ పత్రమును అడిగి తీసుకొనవలెను. రాజీనామా చేసినవారికి రావలసిన జీతమును రెండు పనిదినములలో చెల్లింపవలెనని, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతన స్మృతి చెప్పుచున్నది.

ఒకవేళ ఎవరైన చేయి చేసికొనినను, అసభ్యముగా ప్రవర్తించినను, ఆరోగ్యము చెడినను నోటీసు ముగియువరకు ఓర్చుకొని యుండుమని నేను చెప్పను. అప్పుడును వార్డులోని బాధ్యురాలికి తెలిపి, రోగులను అప్పగించి రావలెను.

తలిదండ్రులారా! అప్పుచేసి చదివించితిరి, మీ బెంగ న్యాయమే. అయినను బిడ్డ ఇల్లు చేరినప్పుడు “నలుగురు ఏమందురు?” అను ప్రశ్నకు ముందు “ఏమి జరిగినదమ్మా?” అని యడుగుడు. ఇంటిలో చెప్పుకొన వీలులేకనే పిల్లలు చెప్పకుండ పారిపోవుదురు.

ఆ బాలిక మరునాటి రాత్రి డ్యూటీకి పోయెను. ఉదయమున సూపరింటెండెంటును కలిసి వార్డు మార్పు అడిగెను, వారు ఒప్పుకొనలేదు. పదునైదు దినముల నోటీసు ఇచ్చి, అన్ని దినములును పని చేసెను. మొదట బాండు మొత్తమంతయు కట్టుమనినవారు, మాటలాడగా ఒక నెల జీతముతో సరిపెట్టిరి. అది ఆమెకు చిన్న నష్టము కాదు. ఇప్పుడామె మఱియొక ఆసుపత్రిలో పిల్లల వార్డులో నున్నది. అచ్చట చేరునప్పుడు ఆరు వారముల సంగతి దాచక చెప్పెను. వారు పాత ఆసుపత్రికి ఫోను చేసి విచారించినప్పుడు బదులు చెప్పినది పగటి డ్యూటీ అక్కయే: “మాయొద్ద ఎక్కువ దినములు ఉండలేదు, ఉన్నన్నాళ్లు పడక విడిచి పోలేదు.”