ముహూర్తానికి లేసు శాలువా

ముహూర్తం పెట్టుకున్నాక వంటవాళ్లకీ, టైలరుకీ, పురోహితుడికీ ఒకటే తేదీ. అక్క కూతురి భుజాల మీద తన చేత్తో అల్లిన లేసు శాలువా కప్పాలనుకున్న పిన్నికీ అదే తేదీ. న్యూజెర్సీలోనో షికాగోలోనో డిసెంబరులో రిసెప్షన్ పెట్టుకునే మన కుటుంబాల్లో ఈ కోరిక మరీ సహజం. చలికి కోటు వేసుకుంటే పట్టుచీర కనిపించదు, వేసుకోకపోతే కారు దిగి హాల్లోకి వెళ్లేలోపు వణుకు. సన్నని ఊలుతో అల్లిన లేసు శాలువా కింద జరీ అంచు కనిపిస్తూనే ఉంటుంది. బరువు చాలాసార్లు వంద గ్రాములు కూడా దాటదు, అయినా ఊలు పోగుల మధ్య నిలిచిన గాలి ఒంటి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు.

అల్లడం వచ్చినవాళ్లు కూడా దీన్ని సమయానికి అందించలేకపోవడం చాలా మామూలు. వేళ్ల వేగం తక్కువై కాదు. ఎంత పూర్తయిందో అంగుళాల్లో కొలుచుకుంటారు, అక్కడ వస్తుంది చిక్కు. లేసు శాలువాకి లెక్క కుట్లలో వెయ్యాలి. ఆ లెక్క ఎలాగో చెప్పే ముందు అసలు ఈ అల్లిక ఎలా నడుస్తుందో చూద్దాం.

రెండు సూదుల లేసులో ముఖ్యమైన కదలికలు రెండే. సూదికి ఊలు అదనంగా ఒక చుట్టు వేస్తే అక్కడ ఒక రంధ్రం ఏర్పడుతుంది, వరసలో ఒక కుట్టు పెరుగుతుంది. ఆ పెరిగినదాన్ని సరిపెట్టడానికి పక్కనో, కాస్త దూరంలోనో రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లుతారు. అలా కలిపిన జంట కుడికో ఎడమకో వాలుతుంది. రంధ్రం ఎక్కడ, వాలు ఎటు అన్న అమరికతోనే ఆకులు, అలలు, వజ్రపు గళ్లు పుడతాయి. ఇందులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. డిజైన్‌లో ఒక్కో భాగానికి ఇన్ని కుట్లని ముందే తెలుసు కాబట్టి, వరస చివర లెక్కపెడితే ఎక్కడ చుట్టు మరిచామో అప్పుడే బయటపడుతుంది. పది వరసల తర్వాత కంటికి కనిపించి గుండె జారిపోయే పరిస్థితి రాదు.

ఈ కళను శిఖరానికి తీసుకెళ్లిన చోట్లలో స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవులు ముందుంటాయి. వాటిలో జనం నివసించే దీవుల్లో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది అన్‌స్ట్. అక్కడి ఆడవాళ్లు గొర్రె మెడ దగ్గరి మెత్తని ఊలును కత్తెర తగలకుండా చేత్తో పీకి, ఇంట్లోనే వెంట్రుక మందాన వడికి, దాంతో ఆరడుగుల చదరపు శాలువాలు అల్లేవారు. అంత శాలువా పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేది. రష్యాలో ఒరెన్‌బర్గ్ మేక నూగు శాలువాలకూ ఇదే ఉంగరం పరీక్ష. షెట్లండ్‌లో బిడ్డ పుడితే చర్చిలో పేరు పెట్టే రోజుకి కప్పడానికి తెల్లటి లేసు శాలువా సిద్ధం చేసేవారు. అంటే గడువుకి అల్లడం అక్కడివారికి కొత్త కాదు.

ఇంటిపనీ పొలంపనీ మీదున్న ఆ ఆడవాళ్లకు అల్లడానికి సమయం ఎక్కడిది? నడుముకి ఒక తోలు పట్టీ కట్టుకునేవారు. దానికి గుర్రపు వెంట్రుకలు కూరి చిల్లులు పొడిచిన చిన్న మెత్త ఉంటుంది. ఒక సూది చివరను ఆ చిల్లులో గుచ్చితే దాని బరువు చేతి మీద పడదు, వేళ్లు చాలా వేగంగా కదులుతాయి. పొయ్యిలో కాల్చే పీట్ మట్టి తవ్వి, బుట్టల్లో వీపున మోసుకొస్తూ, దారి పొడవునా అల్లుతూ నడిచేవారు. అలా దాచుకున్న గంటలకు దక్కింది మాత్రం తక్కువ. వ్యాపారులు డబ్బుకి బదులు టీ, గుడ్డ లాంటి సరుకు చేతిలో పెట్టేవారు. ఈ పద్ధతి మీద బ్రిటిష్ ప్రభుత్వం విచారణ సంఘాన్నే వేసింది. 1872లో వెలువడిన ఆ నివేదికలో అల్లికపనివారి వాంగ్మూలాలు ఉన్నాయి.

ఇక్కడ మన గోదావరి తీరం గుర్తుకు రాకుండా ఉండదు. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ల లేసు రెండు సూదులది కాదు, కొక్కెం మొన ఉన్న ఒకే సూదితో అల్లే క్రోషే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చి ఇంటింటి పని అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు పనివారి మీద పుస్తకం ప్రచురించారు. విదేశీ బజారుకి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లను గృహిణులుగానే చూసి, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా జమకట్టడం ఎంత అన్యాయమో అందులో చూపించారు. అన్‌స్ట్‌లోనైనా నర్సాపురంలోనైనా లేసుకి పట్టిన గంటలను కొన్నవాళ్లు లెక్కపెట్టలేదు. పెళ్లి కోసం ఇంట్లో అల్లుకునే శాలువా గంటలనైనా అల్లేవాళ్లు స్వయంగా లెక్కపెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఆ లెక్క. పైనుంచి కిందికి అల్లే త్రికోణ శాలువా తీసుకుందాం, ఎక్కువమంది మొదలుపెట్టేది దాంతోనే. మెడ దగ్గర 7 కుట్లు ఎక్కిస్తారు. ప్రతి రెండు వరసలకూ 4 కుట్లు పెరుగుతాయి. 160 వరసలు అయ్యేసరికి సూది మీద 327 కుట్లుంటాయి. లేసులో నిమిషానికి 20 కుట్లు పడతాయనుకుంటే, మొదటి వరస అరనిమిషంలో అయిపోతుంది, ఆఖరి వరసకు పదహారు నిమిషాలు దాటుతుంది. మొత్తం శాలువాకి దాదాపు 26,700 కుట్లు, 22 గంటలకు పైచిలుకు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఒక గంట కూర్చుంటే మూడు వారాల పైన.

80 వరసలు పూర్తయిన రోజున ఏమవుతుందో చూడండి. శాలువాను ఒళ్లో పరుచుకుంటే అనుకున్న లోతులో సగం వచ్చేసింది. పట్టింది ఆరు గంటలు. ఇంకో ఆరు గంటల్లో అయిపోతుందని సంతోషం కలుగుతుంది, ఆ సంతోషంలో రెండు మూడు సాయంత్రాలు వేరే పనులకు ఇచ్చేస్తాం. నిజానికి అప్పటికి పడినవి 7,000 కుట్లు, పావు వంతు మాత్రమే. మిగిలిన సగం లోతులో 19,700 కుట్లున్నాయి, పదహారు గంటల పైమాట. త్రికోణం లోతు రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుందని బడిలో చదువుకున్నదే.

అంచు సంగతి ఇంకా గట్టిది. శాలువా ప్రధాన భాగం పూర్తయ్యాక కింద పళ్లపళ్లుగా వచ్చే అంచును విడిగా అల్లుతూ, ఒక్కో కుట్టునూ దానిలో కలుపుకుంటూ పోయే డిజైన్లున్నాయి. అంచుకి రెండు వరసలు అల్లితే శాలువాలో ఒక్క కుట్టు తరుగుతుంది. 327 కుట్లకు 654 చిన్న వరసలు. అంచు వెడల్పు 12 కుట్లయితే మరో 7,800 కుట్లు, ఆరున్నర గంటలు. ‘అంచొక్కటే మిగిలింది’ అని ఫోన్లో చెప్పినవాళ్లకు వారం పని మిగిలి ఉంటుందన్నమాట.

అందుకే డిజైన్ ఎంచుకునేటప్పుడే దాని ఆకారాన్నీ గడువునూ పక్కపక్కన పెట్టి చూడాలి. పొడవైన స్టోల్ అయితే వెడల్పు మారదు, సగం అంటే నిజంగా సగమే. కింది అంచు దగ్గర మొదలై పైకి పోతూ కుట్లు తగ్గే శాలువాలకు శ్రమంతా ముందే అయిపోతుంది, పెళ్లి దగ్గరపడేకొద్దీ వరసలు చిన్నవవుతాయి. గడువు ఉన్నప్పుడు నా ఓటు వీటికే. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1974లో తన పుస్తకంలో ఇచ్చిన ‘పై’ (π) శాలువా మరో అందమైన దారి. వృత్తం వ్యాసార్థం రెట్టింపైతే చుట్టుకొలతా రెట్టింపవుతుంది కాబట్టి, అలా రెట్టింపైన ప్రతిసారీ ఒకే చుట్టులో కుట్లను రెట్టింపు చేసి, మిగతా చుట్లన్నీ పెంపు లేకుండా అల్లమంటుంది ఆవిడ. అల్లిక నేర్చుకునేవాళ్లకు ఎంతో తేలిక. కానీ పూర్తి వృత్తం కాబట్టి చివరి చుట్లు చాలా పొడవు, సమయం ఉంటేనే ఎత్తుకోవాలి. ఎస్టోనియాలోని హాప్సలు ఊరి శాలువాల మీద మొగ్గల్లా ఉబికి వచ్చే కుట్లు మహా ముచ్చటగా ఉంటాయి. ఒక్కో మొగ్గకూ ఒకే కుట్టులోంచి చాలా కుట్లు తీసి, తర్వాతి వరసలో వాటన్నిటినీ కలిపి ఒకటి చెయ్యాలి. తొందరలో ఉన్నవాళ్లు వాటిని మరో పెళ్లికి దాచుకోవడం మంచిది.

మీ వేగం ఎంతో నా అంచనా చూసి అనుకోవద్దు. అదే ఊలుతో, అవే సూదులతో ఒక చిన్న ముక్క అల్లి గడియారం పెట్టుకోండి, అది కూడా అలసిపోయిన సాయంత్రం పూట. ఆ ముక్కను తడిపి ఆరబెడితే చివరికి శాలువా ఎంత సాగుతుందో కూడా తెలుస్తుంది.

తప్పులకు సమయం కేటాయించడం మరిచిపోకూడదు. లేసులో ఒక కుట్టు జారితే రంధ్రాల మధ్యలోంచి కిందికి దిగిపోతుంది, తిరిగి పట్టుకోవడం మామూలు అల్లికలో ఉన్నంత సులువు కాదు. దీనికి చౌకైన మందు దారమే. పది ఇరవై వరసలకొకసారి, లెక్క సరిగ్గా ఉందని తేలిన వరసలో, వేరే రంగు సన్నని నూలు దారాన్ని కుట్టుపని సూదిలో ఎక్కించి కుట్లన్నిటిలోంచి తీసి వదిలెయ్యాలి. తర్వాత ఏ అపశ్రుతి వచ్చినా ఆ దారం దాకా ధైర్యంగా విప్పొచ్చు, ఒక్క కుట్టూ జారదు. దారం తియ్యడానికి పట్టే అయిదు నిమిషాలు ఒక రాత్రిని కాపాడతాయి.

అల్లిక అయిపోయిన క్షణాన చేతిలో ఉన్నది చూసి చాలామంది నిరాశపడతారు. ముడతలుపడి, ముద్దగా, అనుకున్నదానికన్నా చిన్నగా ఉంటుంది. లేసు ఇంకా విచ్చుకోలేదు. దాన్ని విప్పేది నీళ్లు. ఊలు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైనది, మన జుట్టు కూడా అదే. తడిసినప్పుడు దాని లోపలి హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, ఆరేటప్పుడు ఉన్న భంగిమలోనే మళ్లీ బిగుసుకుంటాయి. తడి జడ అల్లుకుని పడుకుంటే పొద్దున్నకి జుట్టు అలలు తిరిగినట్టే శాలువా కూడా ఎలా లాగి పెడితే అలా నిలుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదమాలి. తర్వాత పరుపు మీదో మెత్తటి చాప మీదో పరిచి, అంచులోని ప్రతి పంటినీ లాగి తుప్పు పట్టని పిన్ను గుచ్చాలి. షెట్లండ్‌లో దీనికి చెక్క చట్రాలు వాడేవారు. ఇతరుల శాలువాలు ఉతికి చట్రానికి బిగించి ఇవ్వడాన్నే వృత్తిగా చేసుకున్నవారూ అక్కడ ఉండేవారు. యాక్రిలిక్ దారం ఇలా తడికి లొంగదు, దానికి ఆవిరి వేడి కావాలి. నూలు శాలువా సాగినా ఆ ఆకారాన్ని ఎక్కువకాలం నిలుపుకోదు. అందుకే గడువు దగ్గర్లో ఉన్నప్పుడు ఊలే నమ్మకమైనది.

పిన్నులు గుచ్చడానికి రెండు గంటలు, పూర్తిగా ఆరడానికి ఒక రోజు. వాన ముసురులోనైతే రెండు. తడి ఉండగా పిన్ను తీస్తే అంచు వెనక్కి ముడుచుకుంటుంది. కాబట్టి క్యాలెండరులో పెళ్లి తేదీ నుంచి వెనక్కి వస్తూ ముందు ఈ రెండు రోజులూ కొట్టెయ్యండి. తర్వాత ప్రయాణం రోజు. తర్వాత కుట్లు ముగించడానికీ కొసలు దాచడానికీ ఒక సాయంత్రం. మిగిలినవే అల్లే రోజులు, వాటిలోనూ మెహెందీ, సంగీత్, చుట్టాల రాక ఉంటాయి.

అప్పటికీ చాలకపోతే రాత్రంతా మేల్కొని అల్లడం కన్నా నయమైన దారి ఉంది. లేసు డిజైన్ పన్నెండో పదహారో వరసలకొకసారి తిరిగి మొదలవుతుంది. అలా ఒక చుట్టు పూర్తయిన చోట ఆపి, అంచు వదిలేసి, పెద్ద సూదితో వదులుగా కుట్లు ముగించెయ్యొచ్చు. త్రికోణంలో ఆఖరి 16 వరసలు మానేస్తే పోయేది లోతులో పదో వంతే, ఆదా అయ్యేది దాదాపు అయిదు వేల కుట్ల పని, నాలుగు గంటలు. ఆ పదో వంతులో చాలా భాగాన్ని తడిపి లాగడమే తిరిగి ఇస్తుంది.

పెళ్లికూతురికి ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పి ఇవ్వండి. హ్యాంగరుకు తగిలిస్తే సాగిపోతుంది, మడతపెట్టి పెట్టుకోవాలి. ఉతికిన ప్రతిసారీ లేసు మళ్లీ ముడుచుకుంటుంది, మళ్లీ పిన్నులు గుచ్చి ఆరబెట్టాలి. అందుకని సీమంతానికో బారసాలకో కప్పుకోవాలనుకుంటే రెండు రోజుల ముందే నానబెట్టమనండి.