ఉన్నత పాఠశాలలో భూగోళ పాఠము - రైతు బిడ్డకు దాని యుపయోగము

మన సంఘ సభ్యులు తమ పిల్లల చదువును గూర్చి మాతో ప్రసంగించునప్పుడు గణితమును, సైన్సును, ఇంగ్లీషును గూర్చి యడుగుదురే గాని భూగోళమును గూర్చి యడిగినవారు మాకు కనబడలేదు. "పరీక్షకు ముందు రెండు రాత్రులు వల్లించిన చాలునండీ, దానికింత యాలోచన యెందుకు?" అని యొక పెద్దరైతు మాతో ననెను. ఆయన మాటలో నిజము లేకపోలేదు. మన ఉన్నత పాఠశాలలలో భూగోళము వేరు విషయముగా గాక, చరిత్ర, పౌరశాస్త్రము, అర్థశాస్త్రములతో గలిసి సాంఘిక శాస్త్రమను పేర బోధింపబడుచున్నది. పరీక్షలో పటముపై స్థలములను గుర్తింపుమను ప్రశ్న యొకటి వచ్చును. దానికి గావలసిన చుక్కలను పిల్లలు కంఠస్థము చేయుదురు. అంతటితో పటము చుట్టబడి మూలకు జేరును.

ఇట్లు వల్లించిన భూగోళము వలన రైతునకు ప్రయోజనము లేదని మేమును ఒప్పుకొందుము. గోదావరి నాసిక్ జిల్లాలో త్ర్యంబకము చెంత బుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించునని తడుముకొనక చెప్పిన బాలుని, "మీ యూరి చెరువునకు నీరు ఏ దిక్కునుండి వచ్చును?" అని మేమడుగగా అతడు తండ్రి ముఖము వంక జూచెను. తప్పు బాలునిది కాదు. నేలకును పటమునకును గల సంబంధమును అతనికి జూపినవారు లేరు. ఆ సంబంధమును జూపు పాఠములు అతని పుస్తకములోనే యున్నవి. వానిలో మొదటిది స్కేలు.

సర్కారు జిల్లాలలోను రాయలసీమలోను మన రెవెన్యూ రికార్డులందున్న పాత గ్రామపటములు పెక్కు మైలునకు 16 అంగుళముల చొప్పున గీయబడినవి. అనగా పటముపై ఒక అంగుళము నేలపై 330 అడుగులు. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు గనుక అంగుళమునకు సరిగా ఐదు గొలుసులగును. చదరపు అంగుళమునకు 25 చదరపు గొలుసులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము గనుక రెండున్నర ఎకరములు. గొలుసునకు 100 లింకులు. ఎకరమునకు లక్ష చదరపు లింకులు, సెంటునకు వేయి. తెలంగాణమువారికి ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు. ఈ లెక్కలో ఎనిమిదవ తరగతి పిల్లవానికి కష్టమైనదేదియు లేదు. అయితే పటము అంచున వ్రాసిన స్కేలును మొదట చూడవలెను. అన్ని పటములకు నొకటే స్కేలుండదు.

ఇచ్చట నొక ముచ్చట చెప్పవలసియున్నది. మేమెరిగిన యొక గ్రామములో అన్నదమ్ములిద్దరు తండ్రి పంచియిచ్చిన చేనిని గూర్చి తగవులాడిరి. అన్న తన భాగపు ఎఫ్.ఎం.బి. నకలును స్కేలుబద్దతో గొలిచి, పత్రములో వ్రాసిన కొలతకు తక్కువ వచ్చినది గనుక తమ్ముడు గట్టు జరిపినాడని నిశ్చయించుకొనెను. రెండు సంవత్సరములు వకీళ్లకు, ప్రయాణములకు సొమ్ము పోయినది. పండుగలకు రాకపోకలు నిలిచినవి. తుదకు సర్వేయరు వచ్చి గొలువగా గట్టు ఎచ్చటనుండవలెనో అచ్చటనే యున్నది. అన్న చేతిలోనున్న కాగితము తగ్గించి తీసిన జిరాక్సు! పటము కుదించుకొని పోయినప్పుడు దానిపై అక్షరములతో వ్రాసిన స్కేలు చెల్లదు. గీతగా గీచిన స్కేలు మాత్రము పటముతోపాటు తానును కుదించుకొనును గనుక దానిని నమ్మవచ్చును. సెల్‌ఫోనులో దీసిన ఛాయాచిత్రమునకును ఇదియే న్యాయము. ఆ యింట తొమ్మిదవ తరగతి చదువు ఆడపిల్ల యొకతె యుండెను. ఆమెను ఎవరును అడుగలేదు.

పిల్లలు గొలిచిన కొలత సర్వేయరు కొలతకు బదులగునని మా యభిప్రాయము కాదు. హద్దును నిర్ణయించుట ఆయన పని. కాని ఆయనను పిలువవలసిన యవసరము ఉన్నదో లేదో తెలియుటకు ఇంటిలోని చదువు చాలును.

రెండవది సమోన్నత రేఖలు. సముద్రమట్టమునకు ఒకే యెత్తునగల చోట్లను గలుపుచు బోవు గీతలివి. 1767లో స్థాపితమైన సర్వే ఆఫ్ ఇండియా వారి పటములలో 1:50,000 స్కేలుగలవి మనకు మిక్కిలి యుపయోగకరములు. వీనియందు రెండు సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరు. గీతకును గీతకును సామాన్యముగా 20 మీటర్ల యెత్తు. గీతలు దగ్గరగా నున్నచోట వాలు నిటారు, ఎడముగా నున్నచోట మందము. నీరు ఈ గీతలను అడ్డముగా ఖండించుకొని దిగును. గీత వెంబడి దున్నినచో నీరు నిలిచి మన్ను నిలుచును. తెలంగాణములో గొలుసుకట్టు చెరువులున్న గ్రామమువాడు ఈ పటము తెరచినచో, పై చెరువు అలుగు నీరు ఏ వాగు వెంట దిగువ చెరువునకు జేరునో వ్రేలితో జూపగలడు. నడుమ నెవరైన ఆ వాగును పూడ్చి చదును చేసినచో ఏయే ఆయకట్టులు ఎండునో పంచాయతీలో పటము పరచి చెప్పగలడు. నోటిమాటకన్న ఆ పటమునకు విలువ యెక్కువ.

డెల్టా సభ్యులు మాత్రము ఈ పటములు చూచి నిరాశపడుదురు. వారి యూళ్లలో ఒక గీతయు దొరకకపోవచ్చును. 20 మీటర్ల తేడా వారికి ఎచ్చటిది? అంతమాత్రమున నేల సమతలమని యనుకొనరాదు. వరద గట్టు దాటినప్పుడు బరువైన ఒండ్రును మొదట నదిచెంతనే విడుచును గనుక నదీతీరము ఎత్తుగను, దూరపు నేల పల్లముగను ఏర్పడును. నీరు నదినుండి పొలమువైపు దానంతట ప్రవహించుటకు ఈ యమరికయే కారణము. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట కట్టించి కాలువలను ఎత్తైన నేల వెంబడి నడిపించినది ఈ వాలును గనిపెట్టియే. పల్లములందు మురుగుకాలువలు పోవును. కృష్ణా గోదావరుల డెల్టాలకు నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. మురుగుకాలువ పూడినప్పుడు తన చేను మునిగి పొరుగువాని చేను ఏల మునుగలేదో ఈ పాఠము తెలిసినవానికి బోధపడును.

ఋతుపవనముల పాఠమును గూర్చి దీర్ఘముగా వ్రాయము. నైరుతి మేఘములు పడమటి కనుమలపై కురిసి వచ్చుటవలన అనంతపురము వానకు మొగము వాచియుండునని సభ్యులకు తెలియును. వానకొలత సంగతి మాత్రము చెప్పుదుము. "నిన్న పది మిల్లీమీటర్లు కురిసినది" అని రేడియోలో వినిన రైతునకు అది యెంత నీరో తెలియదు. ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన యనగా సుమారు 4,047 లీటర్లు. పది మిల్లీమీటర్లకు నలుబదివేల పైచిలుకు. వానమాపకము ప్రతి బడిలోను ఉండదగినది. బహు ఖరీదైన వస్తువు కాదు. పిల్లలు ప్రతిదినము ఉదయము ఒకే వేళకు కొలిచి నోటుపుస్తకములో వ్రాసినచో, రెండు మూడు సంవత్సరములలో ఆ యూరికి దాని సొంత వానలెక్క దొరకును. మండల కేంద్రములో కురిసినదే మన చేలో కురిసినదని నమ్మవలసిన పని యుండదు.

పై చదువును గూర్చి యొక మాట. ఇంటర్మీడియెటులో భూగోళమును ఐచ్ఛిక విషయముగా దీసికొనవచ్చును గాని దానిని బోధించు కళాశాలలు తక్కువ. కావున పదవ తరగతి వరకు దొరకునదే చాలమందికి కడపటి భూగోళము. ఆ మూడు నాలుగేండ్లలో పటము విప్పకుండ గడిపిన బాలునకు అది తరువాత విప్పు సందర్భము రాదు.

ఇందుకు సభ్యులు చేయదగినది కొంత కలదు. పాఠశాలకు బోయినప్పుడు మార్కులతోపాటు, గ్రామపటమును పిల్లలకు జూపితిరా యని ఉపాధ్యాయులను మర్యాదగా నడుగవచ్చును. సర్వే ఆఫ్ ఇండియా వారు 1:50,000 పటములను ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా పొందు వీలు 2017లో కల్పించిరి గనుక, తమ ప్రాంతపు పటమును అచ్చువేయించి బడికి బహూకరింపవచ్చును. అచ్చువేయించునప్పుడు కాగితము పరిమాణము తగ్గింపవలదని గట్టిగా చెప్పవలెను. మన సంఘ కార్యాలయపు గోడకు గ్రామపటము నొకదానిని తగిలించుటకు మేము నిశ్చయించితిమి. ఆదివారము ఉదయము సభ్యులు తమ పిల్లలను వెంటబెట్టుకొని రావలెను. స్కేలుబద్దను పిల్లలే తెచ్చుకొనవలెను. సర్వే నెంబరు తండ్రులు చెప్పవలెను.