మావాడి భోజనం అరవై ఎంఎల్ సిరంజీలో!

‘‘బాబు తిన్నాడా?’’ అని అడగని తెలుగువాళ్ళుంటారా? లిఫ్టులో ఎదురైన ఆంటీ అడుగుతారు, వీడియో కాల్‌లో మొహం కనిపించగానే మా పెద్దమ్మ అడుగుతుంది. నేనూ ‘‘ఆ, తిన్నాడండీ’’ అనేస్తాను. అబద్ధమేం కాదు, వాడి పొట్ట నిండే ఉంటుంది. కాకపోతే అన్నం నోటి గుండా వెళ్ళదు. బొడ్డుకి కాస్త పైన, ఎడమ పక్కన, చొక్కా గుండీ కంటే కొంచెం పెద్దగా ఓ ప్లాస్టిక్ బటన్ ఉంటుంది. దానికి సన్నటి గొట్టం తగిలించి, సిరంజీలో పోస్తే తిండి నేరుగా కడుపులోకి దిగుతుంది. డాక్టర్లు గ్యాస్ట్రోస్టమీ ట్యూబ్ అంటారు. మా ఇంట్లో మాత్రం అది ‘బొత్తం’.

మావాడికిప్పుడు నాలుగేళ్ళు. 29 వారాలకే పుట్టేశాడు. పాలు చీకడం, మింగడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం... ఈ మూడూ ఒక లయలో కుదరడం పిల్లలకి సుమారు 34 వారాలకి గానీ రాదట. మావాడికి మెదడులో రక్తస్రావం కూడా అయింది. దాంతో ఆ లయ తర్వాతా రాలేదు. మింగిన పాలలో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయేది. మొదటి పుట్టినరోజు లోపే మూడుసార్లు న్యుమోనియా. ముక్కులోంచి ట్యూబ్ వేశారు. వాడు పీకేసేవాడు, మళ్ళీ వేసేవాళ్ళు. వేసిన ప్రతిసారీ వాడి కాళ్ళూ చేతులూ పట్టుకోవాల్సింది నేనే.

ఆరో నెలలో అన్నప్రాసన చేశాం. పాయసం పెదవికి తాకించామంతే. ముందు పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి పెట్టారు. వాడు అవేవీ ముట్టుకోకుండా చెంప మీది ట్యూబ్ టేపుని పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పద్నాలుగో నెలలో సర్జన్ గారు పొట్టకి ట్యూబ్ పెడదామన్నారు. ‘‘పొట్టకి చిల్లు పెట్టి అన్నం పోయడమేంటమ్మా?’’ అని అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు. అప్పటికే ఎక్స్‌రే వీడియో తీశారు. బేరియం కలిపిన పాలు పట్టిస్తూ, అవి ఎటు పోతున్నాయో కదిలే బొమ్మలా చూస్తారు. ఆ వీడియో నా ఫోన్‌లో ఉంటే ఆవిడకి చూపించాను. సన్నటి దారంలా పాలు గాలి గొట్టంలోకి జారుతున్నాయి. ‘‘ఇన్నాళ్ళూ మనం పట్టిందంతా ఇటేనా పోయింది?’’ అన్నారు. సంతకం పెట్టడానికి మా ఆయనకంటే ముందు ఆవిడే లేచారు.

ఆపరేషన్‌కి ముందు రాత్రి నిద్ర పట్టక, అసలీ పద్ధతి ఎవరు కనిపెట్టారా అని వెతికాను. పొట్ట పెద్దగా కోయకుండా ఎండోస్కోపీ సాయంతో ట్యూబ్ పెట్టడాన్ని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గౌడరర్, పోన్‌స్కీ అనే ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టారు. వాళ్ళ తొలి పేషెంట్ కొన్ని నెలల పసిబిడ్డ. నేను పుట్టకముందే, ఎక్కడో, ఎవరో ఒకమ్మ ‘సరే’ అనకపోతే నా కొడుకు దాకా ఇది వచ్చేదా? ఆవిడ పేరు నాకు తెలీదు. ఆ రాత్రి ఆవిడకో దణ్ణం పెట్టుకున్నాను.

ఇక రీల్స్‌లో ట్రెండింగ్ కదా, గ్రాటిట్యూడ్ జర్నల్! నా ఫ్రెండ్ ఒకటి కొని పంపింది. రోజూ మూడు మంచి విషయాలు రాయాలట. మొదటి పేజీ వారం రోజులు ఖాళీగానే ఉంది. ‘నా బిడ్డ బతికున్నాడు’ అని రాయబోయి ఆగిపోయాను. ఎన్ఐసీయూలో మా పక్క ఇంక్యుబేటర్ పాప గుర్తొచ్చింది. ఓ తెల్లవారుజామున ఆ ఇంక్యుబేటర్ ఖాళీ అయింది. నాతో పాటు బల్ల మీద కూర్చుని ఒకే ఫ్లాస్కులో టీ తాగిన అమ్మాయి. ఆమె పోగొట్టుకున్నదాన్ని నా అదృష్టం లెక్కలో ఎలా వేసుకోను? ఆ పుస్తకం పక్కన పడేశాను.

దానికంటే నాకు పనికొచ్చింది ఫీడింగ్ నోట్‌బుక్. ఎన్ని గంటలకి, ఎన్ని ఎంఎల్, వాంతి అయిందా, విరేచనం ఎలా ఉంది... ఇంతే ఉంటుంది అందులో. మార్జిన్‌లో అప్పుడప్పుడూ ఓ ముక్క రాస్తాను. ‘రాత్రి వాంతి లేదు.’ ‘కింది ఫ్లాట్ అబ్బాయి వర్షంలో డిస్టిల్డ్ వాటర్ తెచ్చాడు.’ ‘మా ఆయన నాలుగింటి ఫీడ్ తనే ఇచ్చాడు, నన్ను లేపలేదు.’ కృతజ్ఞత అంటే నాకు తెలిసింది ఈ మార్జినే. పక్కనే ‘ఈరోజు చచ్చేంత విసుగు’ అని కూడా ఉంటుంది. రెండూ ఒకే పేజీలో ఉంటే వచ్చిన నష్టమేమీ లేదు.

ఆ మార్జిన్‌లోకి ఎక్కాల్సినవాళ్ళలో మొదటిది ఎన్ఐసీయూ నైట్ డ్యూటీ నర్సు. ట్యూబులో పాలు దిగుతున్నప్పుడల్లా, నా పాలచుక్కతో తడిపిన దూదిని వాడి పెదవికి తాకించేది. ‘‘కడుపు నిండుతోందని నోటికి తెలియాలి కదా మేడమ్’’ అనేది. ఆ మాట విలువ నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. నోట్లో, ముక్కులో గొట్టాలతో పెరిగిన పిల్లలు చాలామంది మొహం దగ్గరికి చెయ్యి వస్తేనే భయపడతారని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. (అవును, మింగడం నేర్పేది కూడా వాళ్ళే. నేనూ మాటలు మాత్రమే నేర్పుతారనుకున్నా.) మావాడు మాత్రం వేలు చూస్తే నోరు తెరుస్తాడు.

ఇంకొకావిడ రైల్లో తగిలింది. సంక్రాంతికి తెనాలి వెళ్తున్నాం. ఫీడ్ టైమ్ అయింది. సిరంజీ ఎంత ఎత్తులో పట్టుకుంటే అంత వేగంగా దిగుతుంది, దించితే నెమ్మదిస్తుంది. ఒక చేత్తో వాణ్ణి, ఒక చేత్తో సిరంజీని పట్టుకుని నేను తిప్పలు పడుతుంటే బోగీలో సగంమంది మా వైపే చూపు. ‘‘ఏ జబ్బమ్మా?’’, ‘‘మేనరికమా?’’ అంటూ ప్రశ్నలు. ఎదురు సీట్లో పూలబుట్ట పెట్టుకున్న ఒకావిడ లేచి, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, ‘‘ఎంతెత్తున పట్టుకోమంటావో చెప్పు తల్లీ’’ అంది. ఇరవై నిమిషాలు అలాగే నిలబడింది. ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. దిగేటప్పుడు వాడి టోపీలో ఓ బంతిపువ్వు గుచ్చి వెళ్ళింది.

‘‘దేవుడు స్పెషల్ అమ్మలకే ఇలాంటి పిల్లల్నిస్తాడు’’ అంటుంటారు చాలామంది. మంచి మనసుతోనే అంటారు, తెలుసు. కానీ నేను స్పెషలేం కాదండీ, నిద్ర చాలని మామూలు మనిషిని. ఆ మాటకంటే అరగంట సిరంజీ పట్టుకునే చెయ్యి నాకు ఎక్కువ ఉపయోగం.

అలాంటి చేతుల్లో ఇప్పుడు ఫస్ట్ ర్యాంక్ అత్తయ్యదే. డైటీషియన్ రాసిచ్చిన కొలత ప్రకారం మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, క్యారెట్, చెంచా నూనె మిక్సీలో వేసి, మామయ్యగారి పాత పంచె గుడ్డలో వడకడతారు. ఒక్క పలుకు మిగిలినా ట్యూబ్ మూసుకుపోతుంది. ఫీడ్ అయ్యాక నీళ్ళతో గొట్టం కడగడం, అరగంట వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టడం, వారానికోసారి బటన్ లోపలి బెలూన్‌లో నీళ్ళు తగ్గాయేమో చూడడం అన్నీ వచ్చేశాయి. బటన్ పొరపాటున ఊడొస్తే కొన్ని గంటల్లోనే రంధ్రం మూసుకోవడం మొదలవుతుంది కాబట్టి, ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో విభూతి పొట్లం పక్కనే స్పేర్ ట్యూబ్! సిరంజీ పట్టుకుని వాడికి మెనూ కూడా చెబుతారు. ‘‘ఇవాళ పప్పులో మామిడికాయ పడిందిరా నాన్నా, కాస్త పులుపు చూసుకో.’’ నిజానికి మామిడికాయ మా పప్పులోనే వేస్తారు. వాడు మాత్రం మూతి చప్పరిస్తాడు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి బిడ్డ ఉంటే ఓ రెండు విషయాలు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లున్నాయి, అక్కడ పరీక్షలు, థెరపీ ఉచితం. సెరెబ్రల్ పాల్సీ లాంటివి ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. మాకు ఈ సంగతి చెప్పింది వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న ఒక నాన్న. ఆయన ఊరూ పేరూ కూడా అడగలేదు. ఆరోజు మార్జిన్‌లో ‘నీలం చొక్కా అంకుల్’ అని ఉంది.

ఇప్పుడు థెరపిస్ట్ ఒప్పుకున్న మేరకు రోజుకి రెండుసార్లు చెంచా కొసన పెరుగు పెడుతున్నాం. ఒకరోజు మింగుతాడు, మూడు రోజులు ఉమ్మేస్తాడు. ఎప్పటికి పూర్తిగా నోటితో తింటాడో డాక్టర్లు చెప్పలేదు, మేమూ అడగడం మానేశాం. బటన్ మార్చే టైమ్ మళ్ళీ దగ్గరపడింది. హాస్పిటల్‌వాళ్ళు మంగళవారం రమ్మన్నారు. ‘‘మంగళవారం వద్దమ్మా’’ అన్నారు అత్తయ్య. ఫోన్ చేసి బుధవారానికి మార్పించాను.