అలాస్కాలోని డెనాలి పర్వతము

ఒక పర్వతము ఎంత ఎత్తున్నదని అడిగితే సముద్రమట్టము నుండి శిఖరము వరకు గల కొలతను చెప్పుతాము. కాని ఎక్కే మనిషికి ఆ ఒక్క అంకె చాలదు. ఆ కొండ ఎంత ఎత్తు నేలపై నిలిచి ఉన్నదో, భూగోళముపై ఏ అక్షాంశమున ఉన్నదో కూడ తెలియవలెను. ఇందుకు అలాస్కా రాష్ట్రములోని డెనాలి మంచి ఉదాహరణము.

ఉత్తర అమెరికా ఖండమంతటిలో ఇదే అత్యున్నత శిఖరము. 2015లో ఉపగ్రహముల సాయముతో కొలిచినప్పుడు దీని ఎత్తు 20,310 అడుగులని తేలినది. ఎవరెస్టు ఎత్తు 29,032 అడుగులు. అయితే టిబెట్ వైపు నుండి ఎవరెస్టు ఎక్కేవారి మూలశిబిరమే దాదాపు 17,000 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి శిఖరము 12,000 అడుగులు మాత్రమే. డెనాలి చుట్టునున్న పల్లపు నేల ఎత్తు సుమారు 2,000 అడుగులే. అనగా కొండ అక్కడి నుండి 18,000 అడుగులు పైకి లేచినదన్న మాట.

దీనికి కారణము భూగర్భములో ఉన్నది. పసిఫిక్ సముద్రపు అడుగునగల భూఫలకము ఉత్తర అమెరికా ఫలకము క్రిందికి చొచ్చుకొనిపోతున్నది. ఐదారు కోట్ల సంవత్సరముల క్రిందట భూమిలోపల గట్టిపడిన గ్రానైటు శిల ఆ ఒత్తిడికి పైకి లేచి శిఖరమైనది. ఈ కదలిక నేటికీ ఆగలేదు. 2002 నవంబరు 3న డెనాలి భ్రంశము వెంట 7.9 పరిమాణము గల భూకంపము వచ్చినది.

ఇక గాలి సంగతి. పైకి పోయేకొలది మనపై నున్న గాలి బరువు తగ్గుతుంది. 18,000 అడుగుల వద్ద వాయుపీడనము సముద్రతీరమున ఉన్నదానిలో సగమే. గాలిలో ఆక్సిజన్ పాలు నూటికి 21 వంతులుగానే ఉన్నా, ఒక్కొక్క శ్వాసలో మనకు దొరికేది సగమవుతుంది. పైగా అన్ని చోట్ల గాలి పొర ఒకే మందము కాదు. మేఘములు ఏర్పడే క్రింది పొర భూమధ్యరేఖ వద్ద వేడికి ఉబ్బి సుమారు 16 కిలోమీటర్లుంటే, ధ్రువముల వద్ద చలికి కుంచించుకొని 8 కిలోమీటర్లే ఉంటుంది. చల్లని గాలి బరువైనది గనుక క్రిందనే పేరుకొంటుంది. పైకి పోయినప్పుడు పీడనము త్వరగా పడిపోతుంది. ఎవరెస్టు 28వ డిగ్రీ వద్ద ఉండగా, డెనాలి 63వ డిగ్రీ ఉత్తర అక్షాంశమున ఉన్నది. అందుచేత హిమాలయములలో అంతే ఎత్తున ఉండే గాలి కంటె డెనాలిపై గాలి పలుచన.

1913 జూన్ 7న హడ్సన్ స్టక్, హ్యారీ కార్‌స్టెన్స్, వాల్టర్ హార్పర్, రాబర్ట్ టాటమ్ మొదటిసారిగా ఈ శిఖరము చేరినారు. అందరికంటె ముందు అడుగుపెట్టిన హార్పర్ అక్కడి ఆదివాసి తల్లి బిడ్డ. దాదాపు యాభై ఏండ్ల స్టక్ ఊపిరాడక శిఖరముపై క్షణకాలము స్పృహ తప్పినాడు. వారు మోసుకొనిపోయిన భారమితిలో పాదరసము 14 అంగుళములైనను లేదు. సముద్రతీరమున అది 30 అంగుళములకు దరిదాపుగా ఉంటుంది.

ఈ కొండకు కొయుకాన్ ప్రజలు పెట్టిన పేరే డెనాలి. ‘ఉన్నతమైనది’ అని అర్థము. అమెరికా ప్రభుత్వము 1917లో మెకిన్లీ అనే పేరు స్థిరపరచి, 2015లో డెనాలి అని మార్చి, 2025లో మరల మెకిన్లీ అన్నది.

1951లో బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ బృందము కనుగొన్న పడమటి దారినే నేడు పెక్కుమంది ఎక్కుతారు. చిన్న విమానము వారిని కహిల్ట్నా హిమానీనదముపై 7,200 అడుగుల వద్ద దింపుతుంది. బరువు మోసే కూలీలుండరు. ఆహారము, ఇంధనము వీపునను, జారుడుబండిపైనను వారే తీసుకొనిపోవలెను. మంచుక్రింద దాగిన నెఱ్ఱెలలో పడకుండ ఒకరికొకరు త్రాడు కట్టుకొంటారు. సగము సామాను పైకి చేర్చి మంచులో పాతి, నిద్రకు మరల క్రిందికి దిగుతారు. తరువాత మిగిలిన సామానుతో పైకి పోతారు. ఇట్లు రెండు మూడు వారములు పడుతుంది. ఈ జాప్యము వృథా కాదు. పలుచని గాలికి శరీరము అలవాటుపడుటకు ఆ వ్యవధి కావలెను.

తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ 2022 జూన్‌లో ఈ శిఖరము చేరి, ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను ఎక్కుట పూర్తిచేసినది.

ఎంత ఆరోగ్యవంతునికైనా ఎత్తున తలనొప్పి, వాంతులు రావచ్చును. అప్పుడు ఇంకను పైకి పోరాదు. బాధ ముదిరినా, కూర్చున్నచోటనే ఆయాసము వచ్చినా వెంటనే క్రిందికి దిగవలెను. హిమాలయ యాత్రలకు పోయే మనవారికిని ఇదే నియమము వర్తిస్తుంది.