పైసలు కరువైతే పగ ఎవరి మీద?

పైసల కటకట ఒస్తే కోపం పెద్దోళ్ల మీద పడాలె. కానీ ఊరి చివర బతికేటోళ్ల మీద పడ్తది. హంగరీల అదే అయింది.

అక్కడి రోమాలను మనం జిప్సీలంటం. వెయ్యేండ్ల కింద మన దేశంకెళ్లి పోయినోళ్లే. ఇయ్యాల్టికీ నీళ్లను 'పానీ' అనే అంటరు. సర్కారు ఫ్యాక్టరీలల్ల కష్టం చేసి బతికిన్రు. 1989 తర్వాత అవి మూతపడంగనే ముందుగాల కొలువులు పోయింది వీళ్లయే. పని గుంజుకున్నంక సోమరిపోతులని పేరు పెట్టిన్రు.

2008ల సంక్షోభం ముదిరి హంగరీ ఐఎంఎఫ్ ముంగట చెయ్యి చాపింది. ఆ ఏడు నుంచి 2009 ఆగస్టు దాక ఒక ముఠా రోమాల ఇండ్ల మీద పెట్రోల్ సీసాలు ఇసిరి, తుపాకులు పేల్చి ఆరుగురి పానం తీసింది. తతార్‌సెంట్‌జ్యోర్జ్ ఊర్ల మంటలకెళ్లి ఉరికొస్తున్న తండ్రిని, చిన్న కొడుకును కాల్చిన్రు. కరెంటుతోని ఇల్లు అంటుకున్నదని పోలీసులు మొదాలు తేల్చేసిన్రు. అదే ఏడు జూన్ల, రోమాలను తిట్టుకుంట ఓట్లడిగిన యోబిక్ పార్టీకి యూరప్ పార్లమెంటుల మూడు సీట్లొచ్చినయ్.

2013ల ముగ్గురికి యావజ్జీవం, ఒకనికి 13 ఏండ్ల జైలు పడ్డది. మరి మన పన్నుల పైసలు వీళ్లే తింటున్నరని జనం చెవుల ఊదినోళ్లను అడిగేదెవరు?